అరికాళ్ల మీద పడ్డ వెలుగు

రోమ్‌లో సాంత్ అగొస్తీనో అనే చర్చి ఉంది. లోపలికెళ్లగానే ఎడమచేతి వైపు మొదటి చాపెల్‌లో (చిన్న ప్రార్థన గదిలో), దాదాపు ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున, ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1604-1606 మధ్య వేసిన మేరీమాత బొమ్మ కనిపిస్తుంది. పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డ గోడ, గడపలో బిడ్డనెత్తుకున్న తల్లి, ఎదురుగా మోకాళ్ల మీద ఇద్దరు పేద యాత్రికులు. నా కన్ను మాత్రం ప్రతిసారీ కిందికే పోతుంది, ఎందుకంటే అక్కడ వాళ్లలో మగ యాత్రికుడి అరికాళ్లు సరిగ్గా మనవైపు తిరిగి, నడిచొచ్చిన దారంతా అంటించుకుని ఉంటాయి. పక్కనున్న ముసలమ్మ తలగుడ్డ చిరిగి మాసిపోయింది. ఈ కాళ్లనీ ఆ గుడ్డనీ చూసి జనం పెద్ద గోల చేశారని అదే కాలపు చిత్రకారుడు బల్యోనె రాశాడు.

ఆ మురికి అంతగా కళ్లకు కట్టడానికి కారణం వెలుగు వచ్చే దిక్కు. మబ్బు పట్టిన రోజు వెలుగు ఆకాశమంతటి నుంచీ వస్తుంది కాబట్టి నీడలు పలచబడిపోతాయి. చీకటి గదిలో ఒకే చిన్న దీపం ఉంటే నీడ అంచు కత్తితో కోసినట్టు పడుతుంది. కరవాజ్జో అలాగే గదిని చీకటి చేసి, దీపాన్ని ఎత్తులో పెట్టి బొమ్మలు వేసేవాడని చిత్రకారుల జీవితాలు రాసిన బెల్లోరి 1672లో రాశాడు. 1604లో తీసుకున్న అద్దె ఇంట్లో హాలు పైకప్పు సగం తెరుచుకునేలా ఒప్పందం కూడా రాయించుకున్నాడు. మరుసటి ఏడాది పాడైన కప్పు గురించి, బాకీ పడ్డ అద్దె గురించి ఇంటావిడ కోర్టుకెక్కింది.

రాత్రి లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చ్‌ని మడమ మీద ఎదురుగా వేసి చూడండి, పగుళ్లు పెద్దగా తెలియవు. అదే టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే ప్రతి పగులులోనూ నీడ నిలిచి దాని లోతు బయటపడుతుంది.

ఇంకో చిక్కుంది. నిజమైన ఎండకీ నీడకీ మధ్య తేడా వందల రెట్లు ఉండొచ్చు. కాన్వాస్ మీద అది కుదరదు, తెల్ల రంగు తన మీద పడ్డ వెలుగులో 80 శాతానికి పైగా వెనక్కి పంపితే నల్ల రంగు ఏ 3, 4 శాతమో పంపుతుంది, అంటే తేడా 20, 30 రెట్లకు మించదు. కానీ మన కన్ను వెలుగును కొలవదు, పక్కనున్నదానితో పోల్చుకుంటుంది. అందుకే కరవాజ్జో చుట్టూ చీకటి పరిచాడు, దాని మధ్య మామూలు చర్మం రంగే వెలిగిపోతున్నట్టు అనిపిస్తుంది.

అంతకుముందు శతాబ్దాల్లో దేవతల వెనక బంగారు రేకు అద్ది, వెలుగును హోదా చూసి పంచేవాళ్లు. ఇక్కడ మేరీమాత తల చుట్టూ ఉన్నది సన్నటి గీత మాత్రమే. ఎడమ పైనుంచి వచ్చిన వెలుగు ఆమె మెడ మీద, బిడ్డ ఒంటి మీద, యాత్రికుడి మట్టికాళ్ల మీద కూడా పడుతుంది. ఆమె కాళ్లకీ చెప్పుల్లేవు.