మీ లాల్‌బాగ్‌లో నేనూ తిరగాలి

జయనగర్, బెంగళూరు

చిరంజీవులైన పిల్లలకు,

పెద్దమ్మ ఆశీస్సులు. సెలవుల్లో ఇద్దరూ కూర్చుని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మా బెంగళూరు లాల్‌బాగ్ తోట కట్టేస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. 1889లో పునాది పడిన గ్లాస్ హౌస్, రాతిగుట్ట, దాని మీది కెంపేగౌడ గోపురం అన్నీ వస్తున్నాయట. చాలా సంతోషం. అందులో నాకూ తిరగాలని ఉంది. నాకు చూపు లేదు కాబట్టి అందుకు మీరు చేయాల్సిన పని కొంత ఉంది.

నా కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉందని మీకు తెలుసు. ఇది బటను, ఇది శీర్షిక అని పేజీ తయారుచేసినవాళ్ళు లోపల రాసి ఉంచితే అది నాకు చదివి వినిపిస్తుంది. త్రీడీ తోటలో అలా రాసిపెట్టి ఏమీ ఉండదు, తెర నిండా రంగు చుక్కలే. చెట్టేదో బెంచీ ఏదో దానికి తెలియదు. పోనీ వస్తువుల పేర్లయినా చదివిద్దామంటే, మీరు పెట్టకపోతే బ్లెండర్ తనే ‘క్యూబ్’ అని పెట్టేస్తుంది. కాపీ చేస్తే ‘క్యూబ్.001’. నడుస్తున్న దారిలో ‘క్యూబ్.014’ అని వినబడితే అది బెంచీయో బండరాయో నాకెలా తెలుస్తుంది?

2003లో మొదలైన సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ లోకంలోనూ ఇదే చిక్కు. అక్కడ ఇళ్ళూ దుకాణాలూ జనమే కట్టుకుంటారు. పేరు పెట్టని వస్తువు ‘ఆబ్జెక్ట్’గానే ఉండిపోతుంది. ఆ లోకాన్ని మాటల్లో వింటూ, ఆదేశాలు టైపు చేస్తూ తిరగడానికి అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో టెక్స్ట్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అది ఎంత మంచిదైతే మాత్రం, లేని పేరు ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకే వస్తువు చేసినప్పుడే పేరు పెట్టేయండి. తర్వాత చూద్దాంలే అనుకున్న పని ఎప్పటికీ తెమలదు.

ఇక వర్ణన. ‘అందమైన గాజు భవనం’ అని రాయకండి. అందం సంగతి నేను తేల్చుకుంటాను. ఇలా రాయండి: ‘గ్లాస్ హౌస్ గుమ్మం. తలుపు తీసి ఉంది. ఎదురుగా పది అడుగుల దూరంలో పూలకుండీలు. ఎడమ పక్క బెంచీ, ఖాళీగా ఉంది, కూర్చోవచ్చు.’ ఎక్కడున్నానో, ఏ పక్క ఏముందో, ఏం చేయొచ్చో ముందు తెలిస్తే చాలు. ఆగస్టు పూల ప్రదర్శన కూడా పెడతారేమో, అప్పుడు ప్రతి కుండీనీ ఏకరువు పెట్టకండి. కన్ను ఒక్కసారి చుట్టి వచ్చేదాన్ని చెవి ఒకదాని తర్వాత ఒకటిగా వినాలి. ‘మూడు వరసల గులాబీ కుండీలు’ అని ఆపేయండి. నేను ఇంకో మీట నొక్కి అడిగితే అప్పుడు మిగతాది చెప్పండి. రంగులు మాత్రం వదలొద్దు. నాకు చూపు పెద్దయ్యాక పోయింది, ఎరుపంటే ఏమిటో బాగా గుర్తుంది. పుట్టుకతో చూపు లేనివాళ్ళకూ ఏ పువ్వు ఏ రంగో తెలుసుకోవాలని ఉంటుంది.

ఎడమా కుడీ నేను తిరిగినప్పుడల్లా మారిపోతాయి, తూర్పు మారదు. అందుకని రెండూ చెప్పండి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ ‘మడ్’ అనే ఆట మొదలుపెట్టారు. బొమ్మన్నది లేదు, అంతా మాటలే. ఉత్తరానికి అని టైపు చేస్తే ఉత్తరాన ఉన్న చోటు వర్ణన వచ్చేది. ఒకే లోకంలో ఎంతోమంది కలిసి తిరిగేవాళ్ళు. తూర్పు గుమ్మం, ఈశాన్యం మూల అంటూ పెరిగిన మనకు ఈ పద్ధతి ఇట్టే పట్టుబడుతుంది.

రాతిగుట్ట దగ్గర కాస్త ఎక్కువే రాయండి. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. చేత్తో తడిమితే గరుకు, మిట్టమధ్యాహ్నం కాలు పెట్టలేం. తెర మీద చూసేవాళ్ళకు తెలియని సంగతులివి, మాటల్లోనైతే చెప్పొచ్చు.

అంతా అయ్యాక మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి, పడమటి గేటు నుంచి గోపురం దాకా కీబోర్డుతోనే నడవండి. తికమకపడ్డ ప్రతిచోటా ఒక వాక్యం చేర్చండి. తెలుగులోనే రాయండి, ఎన్‌వీడీఏ చక్కగా చదువుతుంది. గుట్ట మీద రాయి ఎక్కడ ఏటవాలుగా ఉందో ముందే హెచ్చరించండి. ఫైలు పంపితే ఆదివారం తిరిగి చూసి, ఎక్కడెక్కడ ఆగిపోయానో ఫోన్ చేసి చెబుతాను.

మీ పెద్దమ్మ