అమ్మమ్మ గుండె చిక్కిపోలేదు

చిట్టితల్లీ,

అమ్మమ్మ గుండెకి ఎకో స్కాను తీసిన డాక్టరుగారు "గుండె గోడ మందం పోయినేడు 13 మిల్లీమీటర్లు, ఇప్పుడు 11కి దిగింది, సంతోషం" అన్నారని మీ అమ్మ చెప్పగానే, నువ్వు ఫోను లాక్కుని "బీపీ మాత్రలేసుకుని అమ్మమ్మ గుండె చిక్కిపోయిందా తాతయ్యా?" అన్నావు. నీ గొంతులో భయం వినపడింది. అందుకే ఈ ఉత్తరం.

నా చిన్నప్పుడు మేం వన్‌టౌనులో ఉండేవాళ్లం. మా నాయనమ్మకి ఒంట్లో బాగోకపోతే రిక్షాలో కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాళ్లం. విశాఖపట్నం సంగతి నీకు తెలుసుగా, పది అడుగులు చదునుగా ఉంటే ఇరవై అడుగులు ఎత్తు. ఆసుపత్రి దగ్గరి ఎత్తు రాగానే రిక్షా అతను సీటు దిగిపోయి, "బాబూ, నువ్వు దిగి ఎనక నుంచి తొయ్యి, మామ్మగారు కూకోనీ" అనేవాడు. వంగి తోస్తుంటే నా కళ్లకి సరిగ్గా అతని పిక్కలే కనపడేవి. కొబ్బరికాయల్లా ఉబ్బి, మీద నరాలు తాళ్లు చుట్టినట్టు. ఓసారి "ఎంత బలమో నీకు!" అన్నాను. "బలమేటి బాబూ, ఈ ఊరి ఎత్తులు అలా సేసీసినాయి" అన్నాడు.

అమ్మమ్మ గుండె సంగతీ అంతే. గుండె రిక్షా అతను, బీపీ ఆ ఎత్తు. బీపీ 120 అంటే పాదరసం 120 మిల్లీమీటర్లు లేవడం. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు కాబట్టి, నీళ్లలో లెక్కేస్తే 5 అడుగుల 4 అంగుళాలు, అంటే ఇంచుమించు మీ అమ్మంత ఎత్తు. అదే 180 అయితే 8 అడుగులు, మన వీధి గుమ్మం దాటిపోతుంది! రోజుకి దాదాపు లక్షసార్లు కొట్టుకునే గుండె, కొట్టుకున్న ప్రతిసారీ అంత ఎత్తుకి తొయ్యాలి. ఏళ్ల తరబడి తోస్తే ఎడమ జఠరిక, అంటే రక్తాన్ని ఒళ్లంతా తోసే గుండె గది, దాని కండ పిక్కలాగే బలుస్తుంది. కొత్త కణాలు పెద్దగా పుట్టవు, ఉన్నవే లావెక్కుతాయి.

కాకపోతే పిక్క బయటికి ఉబ్బుతుంది, ఎవరికీ అడ్డం లేదు. గుండె గోడ చాలావరకు లోపలికి బలుస్తుంది. గది ఇరుకవుతుంది, మధ్యలో నారలాంటి పదార్థం చేరి గోడ బిగుసుకుంటుంది, రక్తం నిండాలంటే సరిగ్గా సడలదు. ఎడమ గుండె కండకి కావలసిన రక్తం ఎక్కువగా అందేది రెండు దెబ్బల మధ్య విశ్రాంతిలోనే. కండ లావెక్కిన కొద్దీ దానికి ఆకలి ఎక్కువ, తినే వీలు తక్కువ.

మాత్ర రిక్షా అతని కాళ్ల జోలికి పోదమ్మా, ఎత్తుని చదును చేస్తుంది. రక్తనాళాలు వదులవుతాయి, గుండె మీద బరువు తగ్గుతుంది, నెలలు గడిచేకొద్దీ కండ నెమ్మదిగా మామూలు దారికొస్తుంది. చిక్కిపోవడం కాదు, సేద తీరడం. అమ్మమ్మ వేసుకునే లోసార్టాన్ ఇంకో పని కూడా చేస్తుంది. యాంజియోటెన్సిన్ అని ఒంట్లో ఒక పదార్థం ఉంది, అది నాళాల్ని బిగించడమే కాక "పెరుగు, పెరుగు" అని కండనీ ఎగదోస్తుంది. లోసార్టాన్ దాని నోరు నొక్కేస్తుంది. 2002లో వచ్చిన లైఫ్ అనే అధ్యయనంలో ఇలా గుండె బలిసిన 9 వేల పైచిలుకు మందికి, సగం మందికి లోసార్టాన్, సగం మందికి అటెనొలాల్ అనే ఇంకో బీపీ మందు ఇచ్చారు. బీపీ రెండు వైపులా ఇంచుమించు సమానంగానే తగ్గింది. గుండె బలుపు మాత్రం లోసార్టాన్ వాళ్లకి ఎక్కువ తగ్గింది, పక్షవాతాలూ తక్కువ వచ్చాయి.

ఇంతా చేసి మీ అమ్మమ్మ ఏం చేసిందో తెలుసా? సంక్రాంతికి బీపీ 130 చూపించేసరికి "తగ్గిపోయిందిగా, ఇంకెందుకు" అని పది రోజులు మానేసింది. రోడ్డు చదునుగా ఉన్నది మాత్ర వల్లే అని ఎంత చెప్పినా వినదే! పైగా ఆవకాయ, ఉప్పుచేప. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక్క టీస్పూను కూడా నిండదు. నీ చిప్స్ పాకెట్ల సంగతి కూడా ఇక్కడే అంటున్నాను, కోపం తెచ్చుకోకు.

గుండె మీద బరువు తగ్గిన సంగతి కండలోని ఒక్కొక్క కణానికీ తెలిసిపోతుంది, ఎవరూ కబురు పెట్టకుండానే అది సన్నబడడం మొదలెడుతుంది. నాకు దానికంటే పెద్ద వింత కనపడలేదు. అదంతా రాస్తూ కూచుంటే కాగితం చాలదు. నువ్వే చూడు. మణికట్టు మీద, బొటనవేలు వైపు, రెండు వేళ్లు ఆనించి నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టు. మీ మేడమెట్లు రెండుసార్లు ఎక్కి దిగి మళ్లీ లెక్కపెట్టు. తర్వాత ఊరికే కూర్చుని, మొదటి అంకెకి తిరిగి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి ఉంచు. దసరాకి వచ్చినప్పుడు బీచ్ రోడ్డు నుంచి ఆ ఎత్తు ఎక్కుదాం, నీ లెక్క, నా లెక్క పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ తాతయ్య