కిక్‌డౌన్ పడకపోతే గేర్‌బాక్స్ దింపాల్సిందేనా? పాత ఆటోమేటిక్ బండ్ల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన ఎండాకాలం మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు సేటు పాత బెంజ్ తీసుకొచ్చారు. 124 బాడీ అనే మోడల్, ఆటోమేటిక్. "నార్కట్‌పల్లి కాడ హైవే ఎక్కినంక లారీని దాటుదామని ఎక్సలేటర్ మొత్తం తొక్కితే ఇంజన్ మూలుగుతుంది గానీ బండి గుంజుత లేదు. గేర్‌బాక్స్ దింపాలన్నరు" అని చెప్పారు. ముందు చూపించిన చోట విన్న మాట అది.

నేను బండి కిందికి దూరలేదు, డ్రైవర్ కాళ్ల దగ్గర కూర్చున్నాను. బండితో వచ్చిన మ్యాట్ మీద రబ్బరు మ్యాట్, దాని మీద ఇంకో మెత్తటి మ్యాట్. ఇక పెడల్ అడుగుదాకా ఎలా పోతుంది? నల్లగొండలో ఇన్నేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. పెడల్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్నదంతా చూడకముందే గేర్‌బాక్స్ మీద నింద వేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: కిక్‌డౌన్ (ఎక్సలేటర్ అడుగుదాకా తొక్కితే గేరు తగ్గి బండి గుంజుకోవడం) పడటం లేదంటే గేర్‌బాక్స్ పోయినట్టే.

ఈ రకం బండిలో ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి, ఆ పైన ఇంకాస్త గట్టిగా అదిమితే పెడల్ కింద ఉన్న చిన్న స్విచ్ నొక్కుకుంటుంది. దాని గుండా కరెంటు గేర్‌బాక్స్ పక్కనున్న సొలెనాయిడ్‌కు (కరెంటు తగలగానే కదిలే అయస్కాంతం) పోతుంది. సొలెనాయిడ్ లోపలి వాల్వ్‌ను కదిలిస్తుంది, గేరు కిందికి పడుతుంది. ఫ్యూజు, స్విచ్, తీగ, సొలెనాయిడ్: వీటిలో ఏది పోయినా కిక్‌డౌన్ ఆగుతుంది, మామూలు గేర్లు మాత్రం చక్కగా మారుతూనే ఉంటాయి. అలా కాకుండా లివర్ డీలో (D, ముందుకు నడిపే స్థానం) వేసిన చాలాసేపటికి బండి కదిలినా, గేరు మధ్యలో జారినట్టు అనిపించినా అది వేరే జబ్బు. ముందు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) చూడాలి.

పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెట్టి, పెడల్‌ను ఒకరు అడుగుదాకా అదమాలి, ఇంకొకరు గేర్‌బాక్స్ వైపు చెవి పెట్టాలి. టక్కుమని వినిపిస్తే కరెంటు చేరుతున్నట్టే. అన్ని పాత బండ్లకూ ఈ స్విచ్ ఉండదు. కొన్నిటిలో ఈ పని కేబుల్ చేస్తుంది. తర్వాత వచ్చిన కొన్ని బండ్లలో పెడల్ కింద తగిలే ఆ టక్కు ఉత్త స్ప్రింగే, కంప్యూటర్ సెన్సర్‌ను చూసి గేరు దించుతుంది. లేని స్విచ్ కోసం కార్పెట్ మొత్తం పీకినవాళ్లను చూశాను.

అపోహ: మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తోంది, కాబట్టి తీగ బాగుంది.

ఇక్కడ పాత మిస్త్రీలు కూడా పడిపోతారు. సేటు బండిలో మ్యాట్లు తీసేశాక పెడల్ అందింది, స్విచ్ నొక్కుకుంది, సొలెనాయిడ్ మాత్రం పలకలేదు. దాని దగ్గర తీగ ఊడదీసి మీటర్ పెడితే 12కు పైనే చూపించింది. సొలెనాయిడ్ చచ్చిందనుకోవచ్చు కదా? మీటర్ దాదాపు కరెంటే లాగదు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా, కాంటాక్టు మీద మసి ఉన్నా, దానికి పూర్తి వోల్టులే కనిపిస్తాయి. పని పడినప్పుడే వోల్టులు కూలిపోతాయి.

అందుకే నేను 21 వాట్ల ఇండికేటర్ బల్బు కట్టి చూస్తాను. అది ఒకటిముప్పావు ఆంపియర్ల దాకా లాగుతుంది. సేటు బండిలో బల్బు దీపం వత్తిలా వెలిగింది. స్విచ్ దగ్గర, దాటాక, కనెక్టర్ అవతల ఒక్కోచోట కొలుస్తూ పోతే స్విచ్ దగ్గరే సగానికి పైగా వోల్టులు మాయం. విప్పితే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, లోపల కాంటాక్టులు నల్లగా. కారణం ఊహించడం కష్టం కాదు. మన వైపు బోరు నీళ్లు ఎలాంటివో ఇంట్లో బకెట్ చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లతో బండి లోపల కూడా కడిగిస్తారు, కార్పెట్ కింద తడి రోజులు రోజులు ఉండిపోతుంది. మిల్లు షెడ్డులో నిలబెట్టే బండైతే తీగలకు ఎలుకల కాట్లు కూడా చూసుకోవాలి.

ఒకే తీగ ఉన్న సొలెనాయిడ్‌కు ఎర్త్ గేర్‌బాక్స్ ఒంటి నుంచే వస్తుంది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పడితే కొత్త సొలెనాయిడ్ వేసినా ఫలితం ఉండదు.

అపోహ: తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, ఎమరీతో గీకితే కొత్తదైపోతుంది.

ఆ స్ప్రే జిడ్డు వదిలిపెడుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. కాంటాక్టుల మీద పల్చటి పూత ఉంటే ఎమరీ దాన్నే లేపేస్తుంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్‌తో తడిపిన మందపాటి కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి నాలుగుసార్లు లాగితే చాలు. కాంటాక్టు గుంట పడితే మాత్రం స్విచ్ మార్చడమే. బిగించాక చూడాల్సింది ఒకటుంది: ముందు ఇంజన్ వైపు థ్రాటిల్ లివర్ (ఇంజన్‌కు గాలి వదిలేది) పూర్తిగా తెరుచుకోవాలి, ఆ తర్వాతే స్విచ్ నొక్కుకోవాలి. ఎక్సలేటర్ కేబుల్ వదులుగా ఉంటే ఈ వరుస తప్పుతుంది.

అపోహ: స్విచ్ తీగలు రెండూ కలిపి డైరెక్ట్ కొడితే సరి.

ఇలా వచ్చిన బండ్లు చూసినప్పుడు కోపం వస్తుంది. తాళం తిప్పినప్పటి నుంచి సొలెనాయిడ్‌కు కరెంటు ఉంటే కింది గేరు వదలదు, ఇంజన్ అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది, సొలెనాయిడ్ వేడెక్కుతుంది. గేర్‌బాక్స్‌కు పోయే ప్రెషర్ కేబుల్‌ను బిగించి సర్దుకోవడం కూడా ఇలాంటి తెలివే. ఆ కేబుల్‌ను అలా కదిలిస్తే అన్ని గేర్ల మార్పూ చెడుతుంది.

అపోహ: ఫస్ట్ గేరే పడటం లేదు.

ఆ కాలపు చాలా బెంజ్ ఆటోమేటిక్‌లు మెల్లగా తొక్కితే సెకండ్‌లోనే కదులుతాయి, గట్టిగా తొక్కితేనే ఫస్ట్. అది జబ్బు కాదు, తయారీయే అంత.

అపోహ: కిక్‌డౌన్ బాగుంటే ఏ స్పీడులోనైనా పడాలి.

ప్రతి గేరుకూ ఒక హద్దు ఉంటుంది, అది దాటితే గేర్‌బాక్సే ఒప్పుకోదు. ఇంజన్ పరిమితి మించి తిరగకుండా అలా చేశారు. 110లో తొక్కి సెకండ్ పడలేదని స్విచ్ మార్పించినవాళ్లున్నారు. ఖాళీ రోడ్డు మీద 40-50లో చూడండి. హద్దులో వాడితే కిక్‌డౌన్ వల్ల గేర్‌బాక్స్ అరిగిపోదు. దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయేవాళ్లకు ఘాట్ ఎక్కేటప్పుడు దాని అవసరం పడుతుంది. దిగేటప్పుడు మాత్రం కిక్‌డౌన్‌తో పని లేదు, గేర్ లివర్‌ను 3లోకో 2లోకో లాగి దిగాలి.