సగం విప్పిన యాంప్లిఫయర్ కొనే ముందు

ప్రియమైన పిల్లలకు,

బేస్ గిటార్ నేర్చుకుంటున్న మీలో కొందరు ఒకే ప్రశ్న అడిగారు. వెనక పలక లేని, తీగలు బయటికి వేలాడుతున్న పాత బేస్ యాంప్లిఫయర్ చవకగా దొరుకుతోంది, తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు. అయితే దాన్ని ప్లగ్గులో పెట్టే ముందు ఒక్క సంగతి ఆలోచించండి. మీకంటే ముందు దాన్ని ఎవరో విప్పారు, మధ్యలో ఆపేశారు. ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు? ఈ రెండూ తెలిస్తే బాగుచేయడంలో సగం పని అయిపోయినట్టే.

కరెంటు తీసేసినా యాంప్లిఫయర్ ప్రాణం వెంటనే పోదు. లోపల నిలువు డబ్బాల్లా కనిపించే పెద్ద కెపాసిటర్లు విద్యుత్తును దాచుకుంటాయి. ట్రాన్సిస్టర్ రకంలో అది సాధారణంగా కొన్ని పదుల వోల్టులు ఉంటుంది. గాజు వాల్వులున్న రకంలో నాలుగైదు వందల వోల్టులు ఉండవచ్చు, అది మనిషిని చంపగలదు. అందుకే వాల్వులు కనిపిస్తే మీరు చెయ్యి పెట్టవద్దు, అనుభవమున్నవారికి అప్పగించండి. ట్రాన్సిస్టర్ రకానికైనా ఈ పని తెలిసిన పెద్దవారు పక్కన ఉండాలి. ప్లగ్గు పీకాక, కరెంటును అడ్డుకుని నెమ్మదిగా పోనిచ్చే 1,000 ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌ను కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య ఆనించి ఉంచాలి. 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అయితే అర నిమిషంలో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత వోల్టులు, ఓంలు కొలిచే మల్టీమీటర్‌తో కొలిచి చూస్తేనే నమ్మండి. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి నిప్పురవ్వ తెప్పించే పద్ధతి కొందరికి ఇష్టం. నాకు అస్సలు ఇష్టం లేదు, మీరు నేర్చుకోవద్దు.

ఇప్పుడు టార్చిలైటు తీసుకుని లోపల నెమ్మదిగా చూడండి. దుమ్ము ఎక్కడ చెదిరింది? ఏ టంకం పాతది, ఏది కొత్తగా మెరుస్తోంది? ఏ స్క్రూలు లేవు? ముందువైపు తిప్పే గుండీలు ఊడిపోతే పట్టించుకోనక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరే లేకపోతే మాత్రం కొనకండి. సరిగ్గా దానికి సరిపోయేది వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

నేను ఇలాంటి యాంప్లిఫయర్ ఒకటి తెచ్చుకున్నప్పుడు, స్పీకర్‌ను నడిపే నాలుగు పవర్ ట్రాన్సిస్టర్లలో మూడింటి మీద దుమ్ము పేరుకుని ఉంది, నాలుగోది కొత్తది. దాన్ని విప్పి చూస్తే వెనక ఉండాల్సిన అభ్రకం రేకు లేదు. అలాంటి ట్రాన్సిస్టర్ లోహపు వీపులో కరెంటు ఉంటుంది. దాన్ని బిగించే అల్యూమినియం రెక్కల పలక యాంప్లిఫయర్ చట్రానికి కలిసి ఉంటుంది. రెండింటి మధ్య ఉండే ఆ పలుచని రేకు వేడిని దాటనిస్తుంది, కరెంటును ఆపుతుంది. అది లేకపోతే కరెంటు నేరుగా చట్రంలోకి పోయి ఫ్యూజు కాలిపోతుంది. నాకంటే ముందు విప్పిన మనిషి సరైన ట్రాన్సిస్టరే వేశాడు, టంకం కూడా చక్కగా పెట్టాడు. ఫ్యూజు మార్చిన కొద్దీ కాలిపోతుంటే విసిగిపోయి అమ్మేసి ఉంటాడు. ఒక్క రేకు దూరంలో ఆగిపోయిన ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ జాలి కలుగుతుంది.

అందుకే మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఫ్యూజును నమ్ముకోకుండా, 60 లేదా 100 వాట్ల పాతకాలపు తీగ బల్బును ఫేజు తీగకు వరుసలో కలపాలి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. ఈ అమరికను పెద్దవారే చేయాలి. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే మంచి సూచన. వెలుగు తగ్గకుండా ఉంటే లోపల ఎక్కడో షార్టు ఉంది, వెంటనే ఆపండి.

అప్పటికి స్పీకర్ తగిలించవద్దు. దాన్ని విడిగా పరీక్షించండి. 8 ఓంల స్పీకర్ మల్టీమీటర్‌లో సుమారు 6 ఓంలు చూపిస్తుంది, అది లోపం కాదు. కాగితపు శంకువును రెండు చేతుల వేళ్లతో సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గరగర వినిపిస్తే లోపలి తీగచుట్ట రాసుకుంటోందని అర్థం. యాంప్లిఫయర్ స్పీకర్ కొనల దగ్గర డీసీ, అంటే ఒకే దిశలో పారే విద్యుత్తు, కొలిచినప్పుడు కొన్ని పదుల మిల్లీవోల్టులకు మించకూడదు. ఏకంగా వోల్టులే కనిపిస్తే స్పీకర్ తగిలించిన కాసేపటికే దాని తీగచుట్ట మాడిపోతుంది.

అన్నీ బాగుండి, శబ్దం మాత్రం పలుచగా, బలం లేకుండా వస్తే బోర్డును మళ్లీ విప్పకండి. స్పీకర్ బిగించిన పెట్టె వైపు చూడండి. బేస్ గిటార్ మందపు తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది, ఆ ధ్వని తరంగం పొడవు 8 మీటర్లకు పైనే. స్పీకర్ ముందు నుంచి వచ్చే తరంగమూ వెనక నుంచి వచ్చేదీ ఒకదానికొకటి ఎదురు. మధ్యలో మూసిన పెట్టె లేకపోతే రెండూ కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వెనక పలక పోగొట్టుకున్న యాంప్లిఫయర్‌కు జరిగేది ఇదే. పాత పలక మందానికి సరిపడే ప్లైవుడ్ కోయించి, అంచు చుట్టూ ఫోమ్ టేపు అంటించి, దగ్గర దగ్గరగా స్క్రూలు బిగించండి. ముందువైపు తయారీదారు కావాలని పెట్టిన గుండ్రటి రంధ్రం ఉంటే దాన్ని మూయకండి. తర్వాత ఒకరు ఆ మందపు తీగను మీటుతూ ఉంటే, మరొకరు అతుకుల వెంట అరచెయ్యి నడిపించండి. గాలి తగిలిన చోట ఇంకో స్క్రూ పడాలి.

ప్రేమతో,
మీ తాతయ్య