ముసురు రోజుల్లో పిల్లల గెంతులు: అపోహలు, వాస్తవాలు

ముసురు పట్టి స్కూళ్లకు సెలవులిస్తే చాలు, రెండో రోజుకే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మేడమ్, మావాడు సోఫా మీంచి దూకుతూనే ఉన్నాడు. ఒక్క నిమిషం కూర్చోడు. హైపర్ ఏమోనని టెన్షన్‌గా ఉంది." ఆటలతో, రోజువారీ పనులతో పిల్లలకు సాయపడే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా జులై, ఆగస్టుల్లో నేను ఎక్కువగా వినే మాట ఇదే.

అపోహ: కుదురుగా కూర్చోని పిల్లలకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిగా కదలడం ఉండే సమస్య) ఉన్నట్టే. గట్టిగా కూర్చోబెడితే అదే అలవాటవుతుంది.

వాస్తవం: నాలుగు రోజుల వాన చూసి ఎవరూ ఆ మాట చెప్పలేరు. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి. ఇంట్లోనే కాక బడిలోనో మరోచోటో కూడా కనిపించాలి. వయసుకు మించి ఉండి, చదువుకో స్నేహాలకో అడ్డుపడుతుండాలి. పది ప్రశ్నల రీల్ చూసి బిడ్డకు జబ్బు అంటగట్టకండి. ఆ రీల్ చేసినవాళ్లు మీ బిడ్డను చూడనేలేదు. అవి చూసి రాత్రంతా నిద్రపోని తల్లులు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, ఆ భయం పుట్టించేవాళ్ల మీదే నా కోపం.

3, 4 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలని, అందులో 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తలుపులన్నీ మూసిన ఫ్లాట్‌లో అదంతా ఎక్కడ తీరుతుంది? సోఫా మీదే తీరుతుంది. ఒళ్లు అడిగింది ఇవ్వకుండా కూర్చోమంటే చిరాకు, ఏడుపు, చివరికి దెబ్బలు. ముందు కదలిక, ఆ తర్వాతే కుదురు.

కదలిక అంటే గెంతడమొక్కటే కాదు. కండరాలకు, కీళ్లకు బరువు తగిలే పనులు, అంటే తొయ్యడం, లాగడం, మొయ్యడం, పాకడం, చాలామంది పిల్లల్ని నెమ్మదింపజేస్తాయి. ఒకసారి నాలుగేళ్ల బాబును వాళ్లమ్మ, నానమ్మ తీసుకొచ్చారు. గదంతా తిరిగేస్తున్నాడు. కేజీ కందిపప్పు ప్యాకెట్లు చేతికిచ్చి, ఆ మూల నుంచి ఈ మూలకు చేరవేయమన్నాను. తర్వాత దుప్పటి మీద బొమ్మల్ని కూర్చోబెట్టి లాగమన్నాను. చెమట పట్టాక పక్కన కూర్చోబెట్టుకుని, "గుండె మీద చెయ్యి పెట్టు నాన్నా, ఎలా కొట్టుకుంటోంది?" అన్నాను. అది నెమ్మదించేదాకా చెయ్యి తియ్యలేదు వాడు. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంది. నానమ్మ మాత్రం, "దీనికి ఇంత దూరం రావాలా అమ్మా, కాళ్లాగజ్జె ఆడిస్తే సరిపోయేదిగా" అంది. ఆవిడ అన్నది నిజమే. కాళ్లు చాపుకుని కూర్చుని, పాటకు తగ్గట్టు ఒక్కో పాదం తాకుతూ, తన వంతు కోసం ఎదురుచూసే ఆటలో ధ్యాస దానంతటదే నిలుస్తుంది.

అపోహ: మైండ్‌ఫుల్‌నెస్ (చేస్తున్న పని మీదే ధ్యాస పెట్టడం) అంటే కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోవడం.

వాస్తవం: అయిదేళ్లవాడికి అది శిక్ష. నిండా నీళ్లున్న గ్లాసు ఒలకకుండా హాలు దాటించండి, అదే ధ్యానం. వాన రేకుల మీద పడితే ఒక చప్పుడు, బకెట్లో పడితే ఇంకొకటి. ఎన్ని రకాలు వినపడ్డాయో అడగండి. ఊపిరి బిగపట్టించే ప్రాణాయామం మాత్రం చిన్నపిల్లలతో చేయించకండి.

కింది ఫ్లాట్‌వాళ్లు గొడవ చేస్తారంటారా? దూకుళ్లు పరుపు మీద, అదీ నేలపైన వేసి. మిగతా సమయమంతా ఎలుగుబంటి నడక (చేతులు, పాదాలు నేలకు ఆనించి నడవడం), చేతులతో గోడను తొయ్యడం, చెమ్మచెక్క. ఇవి పెద్దగా చప్పుడు చెయ్యవు. ఒప్పులకుప్పకు చోటు చాలకపోతే మానేయండి, టేబుల్ అంచులు తల ఎత్తులోనే ఉంటాయి. తడి కాళ్లతో, సాక్సులతో టైల్స్ మీద పరుగు వద్దు. బెలూన్‌తో ఆడిస్తుంటే జాగ్రత్త, పగిలిన ముక్క గొంతులో పడితే ప్రాణం మీదికొస్తుంది, వెంటనే ఏరేయండి.

వానలో తడిస్తే జలుబు అంటారు. జలుబు తెచ్చేది వైరస్. తల తుడిచి పొడి బట్టలు వెయ్యండి, చాలు.

ఫోన్ గురించి ఒక్క మాట. ఇస్తే నోరు మెదపడు నిజమే, కానీ ఆడాల్సిన ఆట అలాగే మిగిలిపోతుంది. మీకు వంట అయ్యేదాకా కాసేపు ఇచ్చారని బాధపడకండి, సాయంత్రం దాకా మాత్రం వద్దు.

వానలు పోయాక కూడా ఇదే తీరుంటే, బడి నుంచీ అదే మాట వస్తుంటే, నడుస్తూ తరచూ పడిపోతుంటే పిల్లల డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు క్లాసులో ఎలా ఉంటున్నాడో టీచర్ చేత రాయించుకుని వెళ్లండి. రీల్‌లో వచ్చిన స్కోరు కన్నా ఆ కాగితమే డాక్టర్‌కు పనికొస్తుంది.