కరవది గిత్తకు దొరికింది, కావలి పందికి దొరకలేదు

ఒంగోలు పక్కనున్న కరవది నుంచి 1960 ప్రాంతంలో బ్రెజిల్ వెళ్ళిన ఒక గిత్త, అక్కడి పశువుల వంశావళి పుస్తకాల్లో ‘కర్వాది’ అన్న పేరుతోనే నిలిచిపోయింది. దాని పిల్లలెవరో, మనవలెవరో, ఎవరి పాలెన్నో, ఎవరి బరువెంతో అన్నీ రాసిపెట్టారు. మన ఒంగోలు జాతికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘నెలోర్’, అంటే మన నెల్లూరే. 2012లో ఆ నెలోర్ ఎద్దు జన్యుక్రమాన్ని, అంటే దాని డీఎన్‌ఏ అక్షరాల వరుసను కూడా బ్రెజిల్ పరిశోధకులు ప్రకటించారు.

అదే 2012 నవంబరులో ‘నేచర్’ పత్రికలో పంది జన్యుక్రమం వచ్చింది. గిత్త గురించి మన జిల్లాల్లో అందరికీ తెలుసు, గర్వంగా చెప్పుకుంటాం. పంది సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కావలిలో, బిట్రగుంటలో, ఒంగోలు శివార్లలో నల్లపందులు మేపుకునే వాళ్ళకు దానితో ఏం సంబంధం అని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. సంబంధం ఉంది.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పెరిగిన టి.జె. టబాస్కో అనే ఆడపంది డీఎన్‌ఏ ఈ పనికి ఆధారం. అది డ్యూరాక్ జాతిది, ఎర్రగా ఉంటుంది. 2003లో అనేక దేశాల శాస్త్రవేత్తలు ఒక బృందంగా ఏర్పడ్డారు. ఎక్కువ భాగం చదివే పని ఇంగ్లండులోని సాంగర్ సంస్థలో జరిగింది. 2009లో ముసాయిదా, 2012లో పూర్తి వ్యాసం వచ్చాయి. పందికి 19 జతల క్రోమోజోములు, సుమారు 270 కోట్ల అక్షరాలు, ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు 21 వేల పైచిలుకు ఉన్నాయని తేలింది. వాసన పట్టే జన్యువులే 1,300 దాకా ఉన్నాయి. మట్టిలో మూతి పెట్టి దుంప ఎక్కడుందో కనిపెట్టే జంతువు మరి.

ఆ చదువులో బయటపడిన ఇంకో సంగతి మన కథకు దగ్గరిది. యూరప్ అడవిపందీ ఆసియా అడవిపందీ సుమారు పది లక్షల ఏళ్ళ కిందటే దారులు విడిపోయాయి. మనిషి పందిని ఇంటికి తెచ్చుకున్నది ఒక్కచోట కాదు. అటు తుర్కియే ప్రాంతంలో, ఇటు చైనాలో విడివిడిగా మచ్చిక చేసుకున్నారు. అంతకు ముందే, 2005లో, ప్రపంచంలోని పందుల డీఎన్‌ఏ పోల్చి చూసిన ఒక పరిశోధన, భారత ఉపఖండం కూడా మచ్చిక జరిగిన చోట్లలో ఒకటి కావచ్చని చెప్పింది. అంటే మన ఊరపంది ఎవరో దించిపోయిన సరుకు కాకపోవచ్చు. దానికి ఇక్కడే ఒక మూలం ఉండవచ్చు.

జన్యువు చదివితే పెంపకానికి ఏం ఒరుగుతుంది? దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. యూరప్‌లో కండ బాగా పట్టిన పందుల్ని ఎంచుకుంటూ పోయేసరికి కొన్ని జాతుల్లో విచిత్రమైన జబ్బు పెరిగింది. లారీ ఎక్కిస్తే చాలు, ఎండకో తోపులాటకో ఒళ్ళు కాలిపోయి, కాళ్ళు కట్టెల్లా బిగుసుకుని చచ్చిపోయేవి. బతికి కబేళాకు చేరినవాటి మాంసం పాలిపోయి నీళ్ళు కారేది. జబ్బున్న పిల్లను గుర్తించడానికి హాలోథేన్ అనే మత్తుమందు పీల్పించి, కాళ్ళు బిగుసుకుంటాయేమో చూసేవాళ్ళు. దాంతో జబ్బుపడ్డవి తెలిసేవి గానీ, తమకు జబ్బు లేకుండా పిల్లలకు మోసుకెళ్ళేవి తెలిసేవి కావు. 1991లో టొరంటోలో డేవిడ్ మెక్లెనన్ బృందం దీని మూలం పట్టుకుంది. కండరంలో కాల్షియంను వదిలే తలుపులాంటి ప్రోటీన్ ఒకటుంది. దాని జన్యువులో 1,843వ చోట ‘సి’ ఉండాల్సింది ‘టి’ ఉంది. ఒకే ఒక్క అక్షరం. ఆ తర్వాత ఒక బొట్టు రక్తంతో, వెంట్రుక కుదురుతో పోతుపందిని పరీక్షించి, ఆ లోపం మోసేదాన్ని మందలోంచి తప్పించడం మొదలుపెట్టారు.

మనుషుల్లోనూ కొన్ని కుటుంబాల్లో ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇవ్వగానే జ్వరం మండిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ జబ్బుకూ అదే జన్యువు కారణమని తేలింది. పందుల దొడ్డిలో వెతికిన జవాబు ఆపరేషన్ థియేటర్‌లో పనికొచ్చింది. పంది జన్యుక్రమానికి ఇంత విలువ ఎందుకో ఈ ఒక్క ఉదంతంతో తెలుస్తుంది.

తర్వాతివి త్వరగా చెప్పేస్తాను. 2003లో కండ పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువులో మార్పు దొరికింది. 2009 నాటికి పంది డీఎన్‌ఏలో అరవై వేల చోట్ల తేడాలను ఒకేసారి చూపే పరీక్ష చిప్ వచ్చింది. ఒక పోతు కడుపున పుట్టే ఆడపిల్లలు ఈతకు ఎన్ని పిల్లల్ని పెడతాయో, ఆ పోతు చిన్నగా ఉన్నప్పుడే అంచనా వేయగలుగుతున్నారు. యూరప్ మందలను కుదేలు చేసే పీఆర్ఆర్ఎస్ అనే వైరస్ సీడీ163 అనే ప్రోటీన్ ద్వారా కణంలోకి దూరుతుందని తెలిసి, ఆ దారి మూసేలా సవరించిన పందులకు 2025 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది.

మన దగ్గర జరిగింది వేరే కథ. రెండో పంచవర్ష ప్రణాళిక కాలం నుంచి ప్రభుత్వం దృష్టి సీమపంది మీద, అంటే విదేశీ జాతుల మీద పడింది. గన్నవరంలో పందుల క్షేత్రం, బేకన్ ఫ్యాక్టరీ వెలిశాయి. 1970-71లో మొదలైన అఖిల భారత పందుల పరిశోధన పథకంలో తిరుపతి పశువైద్య కళాశాల ఒక కేంద్రం. అక్కడ లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే ఇంగ్లండు జాతిని మన నల్లపందితో కలిపి, నాలుగింట మూడు వంతులు సీమ రక్తం, ఒక వంతు నాటు రక్తం ఉన్న సంకరజాతిని తీశారు. తొందరగా ఎదుగుతుంది, ఈతకు ఎక్కువ పిల్లలు పెడుతుంది, తెల్లగా ఉంటుంది. మంచి పనే. చిత్రమేమిటంటే ఆ యార్క్‌షైర్‌లో కూడా పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో ఇంగ్లండుకు ఓడల్లో వెళ్ళిన చైనా పందుల రక్తం ఉంది. జన్యుపటం చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లండు రైతు నాడు ఆసియా పందిని తెచ్చుకుని దాని గుణాలను నిలుపుకున్నాడు. మనం మాత్రం నాటుపందిని సంకరంలో కలిపే ముందు దానిలో ఏముందో రాసిపెట్టుకోలేదు. ఈ లోపమే నన్ను బాధపెడుతుంది.

ఎందుకు రాసుకోలేదంటే, దాన్ని పెంచినవాళ్ళనే మనం లెక్కలోకి తీసుకోలేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పందులు ఎక్కువగా ఎరుకలవాళ్ళ చేతిలో ఉన్నాయి. బుట్టలల్లి, ఉప్పూ కరివేపాకూ ఊరూరా అమ్ముకుని, పందులు మేపుకుని బతికిన జనం వాళ్ళు. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, వాళ్ళను కావలి లాంటి చోట్ల నిఘా కింద ఉంచే సెటిల్‌మెంట్లలో కూర్చోబెట్టారు. కావలి సెటిల్‌మెంటు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో నడిచింది. తిరగడం ఆగింది, హాజరు వేయించుకోవడం మొదలైంది. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయినా ముద్ర అంత తేలిగ్గా పోలేదు. ఒంగోలు గిత్తకు చదలవాడలో ప్రభుత్వ క్షేత్రం ఉంది, చింతలదేవిలో దేశీ పశుజాతులను పెంచే కామధేను కేంద్రం ఉంది. పందికి ఇక్కడ అలాంటిది లేదు. పట్టణాల్లో పంది అంటే శానిటేషన్ సమస్య, అంతే.

పందుల వల్ల జబ్బులొస్తాయన్న భయానికి కారణం లేదని అనను. 1999లో రాష్ట్రంలో మెదడువాపు జ్వరం పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. దాని వైరస్ పంది ఒంట్లో బాగా పెరుగుతుంది, అక్కడి నుంచి దోమ మోసుకొస్తుంది. పందుల్ని ఇళ్ళకు దూరంగా ఉంచమనడం సబబే. కానీ ఊరి బయట చోటు చూపకుండా పట్టుకుపొమ్మనడం వల్ల పందితో పాటు ఒక కుటుంబం బతుకుతెరువూ పోతుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90.6 లక్షలు. 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి.

ఇక వైద్యం సంగతి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, కిడ్నీ జబ్బులు అందరికీ తెలిసినవే. డయాలసిస్‌కు వెళ్ళేవాళ్ళకు, గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆ మందు ఎక్కువగా పంది పేగుల పొర నుంచే వస్తుంది. ఇంతకు ముందు షుగర్ రోగులకు దశాబ్దాలపాటు ఇచ్చిన పంది ఇన్సులిన్‌కూ మనిషి ఇన్సులిన్‌కూ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం. ఈ జంతువు మన ఒంటికి అంత దగ్గరిది.

దగ్గరిదే అయినా దాని అవయవాన్ని మన ఒళ్ళు ఒప్పుకోదు. 1997 జనవరిలో గువాహటి దగ్గర ధనీరామ్ బారువా అనే డాక్టరు ఒక రోగికి పంది గుండె అమర్చారు. ఆ రోగి వారం రోజులకు చనిపోయాడు, డాక్టరు జైలుకు వెళ్ళారు. పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని చూడగానే మన రక్తం దాడికి దిగుతుంది. అప్పటికి ఆ జన్యువును పందిలోంచి తీసే విద్య చేతిలో లేదు. జన్యుక్రమం చదవడమూ, జన్యువుల్ని సవరించడమూ కలిశాక దారి తెరుచుకుంది. 2022 జనవరిలో మేరీల్యాండ్‌లో పది జన్యు మార్పులు చేసిన పంది గుండెతో డేవిడ్ బెనెట్ రెండు నెలలు బతికాడు. 2024 మార్చిలో బోస్టన్‌లో రిచర్డ్ స్లేమన్‌కు 69 మార్పులు చేసిన పంది కిడ్నీ పెట్టారు. ఆయన రెండు నెలలకు కన్నుమూశాడు. కనిగిరి నుంచి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే మనిషికి ఇది రేపు అందే వైద్యం కాదు, అలా ఆశపెట్టడం తప్పు. అయినా పని ఆగలేదు.

మన నల్లపంది గురించి మాత్రం ఇంకా మొదటి ప్రశ్నల దగ్గరే ఉన్నాం. కుడితీ హోటళ్ళ మిగులూ తిని, రోహిణి ఎండల్ని తట్టుకుని ఎలా బతుకుతోంది? సీమపందిని పడగొట్టే జబ్బులు దీన్ని ఎంతవరకు తాకుతాయి? పెంచేవాళ్ళ దగ్గర జవాబులున్నాయి, అవి అనుభవంగా ఉన్నాయి, కాగితం మీద లేవు. బెంగాల్ ఘుంగ్రూకు, మేఘాలయ నియాంగ్ మేఘకు, గోవా అగొండకు, నాగాలాండ్ తెన్యీ వోకు కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాతి గుర్తింపు ఇచ్చింది. వాటిని ఎవరో ఊరూరా తిరిగి కొలిచారు, లెక్కగట్టారు, దరఖాస్తు చేశారు. ఇక్కడా మొదలు అంతే. ఏ గూడెంలో ఎన్ని పందులున్నాయో, వాటిలో సీమ రక్తం కలవనివి ఏవో పెంచేవాళ్ళనే అడిగి రాసుకోవాలి. వాళ్ళ అనుమతితో ఒక్కోదాని చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి, కవరులో పెట్టి, దాని మీద ఊరి పేరూ పెంచినవారి పేరూ రాయాలి. కావలి నుంచి తిరుపతి కళాశాలకు రైల్లో పూట ప్రయాణం.