'@' గుర్తు ఎక్కడికి పోయింది? సింఫనీలో సర్వీసు రిఫరెన్సుల పూర్వాపరాలు

సింఫనీ అనేది పీహెచ్‌పీ భాషలో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్కు. దాని రెండో వెర్షన్ కాలంలో రాసిన పీహెచ్‌పీ ప్రాజెక్టును ఇప్పుడు తెరిస్తే, సర్వీసులను, అంటే అప్లికేషన్‌లో పనులు చేసిపెట్టే ఆబ్జెక్టులను, వివరించే యామల్ (కాన్ఫిగరేషన్ రాసే ఒక ఫార్మాట్) ఫైలు నిండా '@' గుర్తులే కనిపిస్తాయి. '@' తర్వాత పేరు రాస్తే ఆ పేరున్న సర్వీసును తెచ్చి ఇవ్వమని అర్థం, దాన్నే రిఫరెన్సు అంటారు. ఫలానా సర్వీసుకు '@మెయిలర్' కావాలి, '@లాగర్' కావాలి అని ఎవరో ఓపికగా ఒక్కొక్కటీ రాసిపెట్టి ఉంటారు. అదే ఫ్రేమ్‌వర్కుతో ఈ మధ్య మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఆ ఫైలు ఒక పేజీ కూడా నిండదు. పాతదాన్ని కొత్త వెర్షన్‌కు తేవాల్సిన బృందం తడబడేది ఈ తేడా దగ్గరే.

ఒక ఆబ్జెక్టు తనకు కావలసిన మరో ఆబ్జెక్టును తానే తయారు చేసుకోకుండా బయటి నుంచి అందుకోవడాన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. 2004 జనవరిలో సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో ఆ పేరు వాడుకలో స్థిరపడింది. అదే ఏడాది మార్చిలో జావా వారికి స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్కు 1.0 వచ్చింది. దాని ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో 'వాల్యూ' అని రాస్తే ఉత్త విలువ, 'రెఫ్' అని రాస్తే మరో ఆబ్జెక్టు. ఒకదాని బదులు మరొకటి రాస్తే, డేటాబేసు కనెక్షన్ ఇచ్చే ఆబ్జెక్టు అందాల్సిన చోటికి దాని పేరులోని అక్షరాలు మాత్రమే అందేవి. అప్లికేషన్ లేవకుండానే పడిపోయేది. పేరు తప్పు రాసినా అంతే.

సింఫనీ సృష్టికర్త ఫాబియన్ పొటెన్సియెర్ 2009లో పరిచయం చేసి, 2011 జులైలో సింఫనీ 2.0తో పాటు విడుదల చేసిన కంటైనర్‌లో, అంటే సర్వీసులను తయారు చేసి అందించే భాగంలో, స్ప్రింగ్ ఛాయలు స్పష్టంగానే కనిపిస్తాయి. అయితే పీహెచ్‌పీ పరిస్థితి వేరు. జావా అప్లికేషన్ ఒకసారి లేస్తే రోజుల తరబడి నడుస్తుంది. పీహెచ్‌పీలో మామూలుగా ప్రతి రిక్వెస్టుకూ అన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి. అందుకే సింఫనీ కాన్ఫిగరేషన్ మొత్తాన్ని ముందే చదివి, దాన్ని ఒక పీహెచ్‌పీ క్లాసుగా కంపైల్ చేసి దాచుకుంటుంది. రిఫరెన్సుల తనిఖీ కూడా అప్పుడే జరుగుతుంది. లేని సర్వీసును పేర్కొంటే కంపైల్ దశలోనే ఆగిపోతుంది. ఉంటే ఇవ్వు, లేకపోతే ఫరవాలేదు అనడానికి '@?' ఉంది. విలువే '@'తో మొదలైతే దాన్ని రెండుసార్లు రాయాలి.

ఇంత చక్కటి గుర్తుకు ఒక చిక్కు ఉంది. యామల్ ప్రమాణం ప్రకారం కోట్స్ లేని విలువ '@'తో మొదలుకాకూడదు. యామల్‌ను చదివే సింఫనీ సొంత పార్సర్ ఆ నియమాన్ని చాలాకాలం పట్టించుకోలేదు, జనమూ కోట్స్ లేకుండానే రాశారు. 2.8లో హెచ్చరికలు మొదలయ్యాయి. 2015 నవంబరులో వచ్చిన 3.0లో అవి నేరుగా ఎర్రర్లయ్యాయి. తర్కంలో ఒక్క అక్షరం మారకపోయినా వందలాది పంక్తులకు కోట్స్ తగిలించాల్సి వచ్చింది.

అదే 2.8లో కెవిన్ డంగ్లాస్ చేతి మీదుగా ఆటోవైరింగ్ ప్రవేశించింది. కన్‌స్ట్రక్టర్‌లో, అంటే ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కోడ్‌లో, రాసిన రకాన్ని చూసి, ఆ రకానికి చెందిన సర్వీసు ఒక్కటే ఉంటే కంటైనర్ దాన్ని తానే తెచ్చి ఇస్తుంది. ఊళ్లో ఒకే ఒక వెంకటేశ్వరరావు ఉన్నంతకాలం ఇంటిపేరుతో పనిలేదు కదా! రెండో ఆయన వచ్చిన రోజే గొడవ. కొత్తగా చేర్చిన ఏ బండిల్ (ప్రాజెక్టులో కలుపుకునే కోడ్ ప్యాకేజీ) అయినా అదే ఇంటర్‌ఫేస్‌తో, అంటే అదే రకంతో, మరో సర్వీసును తెస్తే, నిన్నటి దాకా నడిచిన కోడ్ ఈ రోజు ఆగిపోయేది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో తొందరపాటు అడుగు అదొక్కటే.

2017 మేలో వచ్చిన 3.3 ఆ ఊహాగానాన్ని పక్కన పెట్టడం మొదలుపెట్టింది. క్లాసు పూర్తి పేరే సర్వీసు పేరైంది. అడిగిన రకం పేరుతోనే సర్వీసో, దానికి మారుపేరో ఉంటేనే కంటైనర్ ఇస్తుంది. ఆ ఏడాది నవంబరులో వచ్చిన 4.0 పాత పద్ధతిని పూర్తిగా తీసేసింది. వేరుగా చెప్పకపోతే సర్వీసులన్నీ ప్రైవేట్ కావడం కూడా 4.0లోనే. కంటైనర్‌ను నేరుగా పేరు పెట్టి అడిగే పాత కోడ్ అక్కడ ఆగిపోతుంది. దీని మీద విసుక్కున్నవారు చాలామంది. కానీ బయటివారెవరూ అడగరని తెలిస్తేనే వాడుకలో లేని సర్వీసును కంటైనర్ ధైర్యంగా తొలగించగలదు, ఒకేచోట వాడేదాన్ని అక్కడే ఇమిడ్చేయగలదు.

ఒకే ఇంటర్‌ఫేస్‌కు రెండు సర్వీసులున్న చోట రకం ఒక్కటే చాలదు, పేరు చెప్పక తప్పదు. 2022లో 6.1 తెచ్చిన 'ఆటోవైర్' ఆట్రిబ్యూట్‌తో (కోడ్‌లోనే రాసే ఒక సూచనతో) ఆ పేరును కన్‌స్ట్రక్టర్ ఆర్గ్యుమెంటు పక్కనే రాయవచ్చు. క్లాసుకు కంటైనర్ ఊసే తెలియకూడదని పట్టుబట్టేవారికి ఇది మింగుడుపడదు. అప్లికేషన్ కోడ్ వరకు నాకు అభ్యంతరం కనిపించదు. ఇతరులు వాడుకునే బండిళ్ల సంగతి వేరు. వాటిలో ఆటోవైరింగ్ మీద ఆధారపడకుండా సర్వీసులనూ రిఫరెన్సులనూ విడివిడిగా రాయాలని సింఫనీ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ బండిల్‌ను తెచ్చుకునే ప్రాజెక్టులో ఇంకే సర్వీసులు ఉంటాయో దాన్ని రాసినవారికి తెలిసే వీలు లేదు మరి.